పిల్లనగ్రోవి - సుషిరవాద్యములలో దాని స్థానము



శామీరుపేట చెఱువుకట్టపై సాయంకాలము నిలిచినవానికి నేడు మొట్టమొదట వినవచ్చునది కరీంనగరము బాటపై పరుగిడు లారీల హోరు. గాలి మఱలినచో ఏ పెండ్లిమంటపమునుండియో మరపెట్టెపాట వినవచ్చును. నలువది యేండ్ల క్రిందట అదే కట్టపై, అదే వేళ, మందలు నీరు త్రావి యింటిమొగము పట్టునపుడు ఒక వెదురుగొట్టము పలుకుచుండెడిది. అటు మేడ్చలువైపు బీళ్ళలోను అంతే. ఆ పాట పెద్దది కాదు. నాలుగైదు స్వరములు, అవియే మరల మరల. దానిని సంగీతమని పిలుచుటకు ఆనాడు నేను ఒప్పుకొనియుండను. అమరము, రఘువంశము, లఘుకౌముది చదివి బడిపంతులనైనవాడను. వేణువును గూర్చి గ్రంథములలో చదివినవాడనేకాని, వేణువును చెవియొగ్గి విన్నవాడను కాను. ఈ రెంటికిని నడుమనున్న యెడమే నేటి నా ప్రసంగమునకు కారణము.

ముందుగా పేరు సంగతి. పిల్లనగ్రోవి యను మాటలోని గ్రోవి క్రోవియే. లోన బోలైన గొట్టమని దానికర్థము. వసంతోత్సవమున రంగునీరు చిమ్ము గొట్టమును మన పూర్వులు చిమ్మనగ్రోవి యనిరి. ఈ రెండును తోబుట్టువులైన మాటలు. సంస్కృతమున వేణువు, వంశము అను రెంటికిని మొదటి యర్థము వెదురు. వాద్యమనుట తరువాతి మాట. వంశమునకు కులపరంపర యనియు అర్థము కలదుగదా. కణుపుమీద కణుపుగా సాగు వెదురును, తండ్రిమీద కొడుకుగా సాగు కులమును ఒక్క మాటతో పిలిచినవారి చూపు మెచ్చదగినది.

భరతముని నాట్యశాస్త్రమున వాద్యములను నాలుగు తెగలు చేసెను. తీగెలు గలది తతము, తోలు మూసినది అవనద్ధము, కంచుతాళమువంటిది ఘనము, బోలుగానుండి యూపిరితో పలుకునది సుషిరము. సుషిరమనగా లోన రంధ్రము గలది. ఈ విభాగమెంత గట్టిదో చూడుడు. కలకత్తా వాస్తవ్యుడు శౌరీంద్రమోహన ఠాకూరు 1876లో బెల్జియము రాజునకు మన దేశపు వాద్యములను కానుకగా పంపెను. అవి బ్రస్సెల్సు వాద్యశాలను చేరినవి. ఆ శాల నేలిన మహియో యను పండితుడు తన పట్టికకు నాలుగు తెగలనే పునాదిగా గైకొనెను. తరువాత 1914లో హోర్న్‌బోస్టెల్, జాక్స్ అను ఇరువురు ప్రపంచమందలి వాద్యములన్నింటికిని పట్టిక వేసిరి. వారును నాలుగు తెగలనే నిలిపిరి. నేటికిని వస్తుశాలలలో ఆ పట్టికయే వాడుక.

అయినను పాశ్చాత్యుల వాద్యబృందమున వేఱొక వాడుక కలదు. ఊదెడు వాద్యములను వారు కొయ్యవని, ఇత్తడివని రెండు కూటములుగా కూర్చుండబెట్టుదురు. వేణువు కొయ్యకూటమిలోనిది. చిక్కెక్కడ వచ్చినదనగా, మ్యూనిచ్ నగరవాసియైన థియోబాల్డ్ బోమ్ అను వేణువాదకుడు 1847లో లోహపుగొట్టముతో వేణువును సిద్ధపఱచెను. నేడు వారి బృందములలో ఎక్కువగా వెండివేణువులే. అయినను వానికి కొయ్యకూటమిలోనే పీట. అడాల్ఫ్ సాక్స్ 1846లో ఫ్రాన్సున హక్కుపత్రము పొందిన సాక్సోఫోను గొట్టమంతయు ఇత్తడి, అదియు కొయ్యకూటమిలోనిదే! ఇదెట్లని ఒక విద్యార్థి నన్నొకమారు తరగతిలో నడిగెను. నేను తెలిసినవానివలె తలయూచి, పాఠము ముగిసిన పిమ్మట చెప్పెదనంటిని. పాఠము ముగిసినది, చెప్పలేదు.

ఆ విద్యార్థికి నాడు చెప్పవలసిన సమాధానమును నేడు చెప్పుచున్నాను. వాద్యమునకు కులము దాని వస్తువువలన రాదు. శబ్దము పుట్టిన తీరువలన వచ్చును. దీనికి మన పల్లెపిల్లల యాటవస్తువులే సాక్ష్యము. ఖాళీసీసా మూతియంచుపై పెదవి యానించి యూదుడు. ఊపిరి ఆ యంచును తాకి, ఒకమారు లోనికి, ఒకమారు వెలికి చీలును. లోని గాలి యూగి మ్రోగును. ఇది వేణుజాతి. తాటాకుబూర నూదుడు. రెండు రేకుల సందున ఊపిరి దూరి ఆ రేకుల నదిలించును. ఇది సన్నాయిజాతి, నాదస్వరమును, పాశ్చాత్యుల ఓబోయును ఇందులోనివే. బొప్పాయికాడకు నాలుకవలె చీలిక పెట్టి యూదిన, ఆ ఒక్క నాలుకయే యదరును. పాములవాని సొరకాయబూర, క్లారినెట్టు, సాక్సోఫోను ఈ జాతివి. శంఖము నూదువానికిని, కొమ్ము నూదువానికిని వాని పెదవులే రేకులై యదరును. ఇత్తడివని వారు వేఱు కూర్చుండబెట్టినవన్నియు ఈ కడపటి జాతికి చెందును. కావున కొయ్యకూటమి యను పేరు పూర్వము ఆ వాద్యములన్నియు కొయ్యతో నుండిన కాలపు గుర్తు మాత్రమే. నా మట్టుకు నాకు భరతుని సుషిరమను మాటయే మేలుగా తోచును. అది గోడను జూడలేదు, గోడలోని బోలును జూచినది.

ఈ లెక్కలో వేణువునకొక ప్రత్యేకత కనబడును. తక్కినవానిలో ఊపిరికిని గొట్టమునకును నడుమ ఒక మధ్యవర్తి కలదు. రేకో, నాలుకయో, పెదవియో. వేణువున ఊపిరి తప్ప అదరునది లేదు. అందుచేతనే దాని ధ్వని మెత్తన. అందుచేతనే అది దూరము పోదు. ఈ రెండు గుణములును దాని చరిత్రనంతటిని నడిపినవి. ఆ సంగతి ముందు చెప్పెదను.

స్వరము నిడివిని బట్టి యుండును. గాలియూగు భాగము పొడవు రెట్టింపైనచో స్వరము ఒక స్థాయి దిగును. సగమైనచో ఒక స్థాయి యెక్కును. రంధ్రము తెఱచుట యనగా గొట్టమును అక్కడికి కురుచచేయుటయే. వ్రేళ్ళు కదపక ఊపిరిని సన్నగా, బిగువుగా పట్టిన అదే స్వరము పైస్థాయిలో పలుకును. క్లారినెట్టున ఇట్లు జరుగదు. అది నోటివైపు మూతపడిన సమగొట్టము వలె నడచును గనుక, బిగించినచో స్థాయి దాటి, దానిపై పంచమముదాక ఎగురును. క్లారినెట్టునకు మీట లన్ని యేల యని బ్యాండుమేళమును జూచి యబ్బురపడువారికి ఇదియొక కారణము.

ఇక ప్రాచీనత. 2008లో జర్మనీలోని హోలెఫెల్స్ గుహలో ఒక రాబందు ఱెక్కయెముకతో చేసిన వేణువు దొరికినది. అయిదు రంధ్రములు, సుమారు 22 సెంటీమీటర్ల నిడివి. దాని వయస్సు 35,000 ఏండ్లకు పైబడినదని పరిశోధకులు నిర్ణయించిరి. చీనాలోని జియాహు అనుచోట కొంగయెముకల వేణువులు దొరికినవి. వానిలో పాతవి ఎనిమిది తొమ్మిదివేల యేండ్లనాటివి. ఎముక నిలుచును, వెదురు చివుకును. మన దేశపు తొలి వేణువులు మట్టిలో కలిసినవి. మనకు మిగిలినవి మాటలును, శిల్పములును.

మాటలలో నాకు మిక్కిలి ప్రియమైన సాక్ష్యము నారదీయశిక్షలోనిది. సామగానమున స్వరములకు ప్రథమ, ద్వితీయ, తృతీయయని లెక్కపేర్లు. ఆ ప్రథమస్వరము లోకసంగీతమున నేదియగునని చెప్పవలసివచ్చినపుడు, ఆ శిక్షాకారుడు వీణను చూపలేదు. సామగుల ప్రథమము వేణువు మధ్యమమని చెప్పెను. వేదస్వరమును కొలుచుటకు వెదురుగొట్టము కొలబద్ద యైనది! ఎందువలన? తీగె వానకు సడలును, ఎండకు బిగియును; వాయించువాడు పూటపూటకు సరిచేసికొనవలయును. వెదురునకు ఒకమారు వేసిన రంధ్రము కదలదు. ఇది నా యూహ. గ్రంథమున కారణము చెప్పబడలేదు. కాని మేడ్చలు సంతలో బియ్యము కొలిచిన మానికను జూచినవారికి ఈ యూహ వింతగా తోచదనుకొందును. కొలతకు కదలని వస్తువు కావలయును.

నాట్యశాస్త్రమున ముప్పదవ యధ్యాయము సుషిరవాద్యముల గూర్చినది. అధ్యాయము చిన్నది, చెప్పిన సంగతి పెద్దది. వ్రేలు పూర్తిగా తెఱచిన చతుశ్శ్రుతి స్వరము, వ్రేలిని కంపింపజేసిన త్రిశ్రుతి స్వరము, సగము తెఱచిన ద్విశ్రుతి స్వరము పుట్టునని యందు కలదు. అనగా రంధ్రములు కొన్నియే. స్వరభేదములు వ్రేలిలో నున్నవి. సుషిరములలో వంశమును అంగముగాను, శంఖాదులను ప్రత్యంగములుగాను భరతుడు లెక్కించెను. ఇంటికి పెద్దకొడుకు వేణువు, తక్కినవి చుట్టపక్కములు. ఈ వ్రేలి సంగతిని గుర్తుంచుకొనుడు. దీనితో నాకు తరువాత పని కలదు.

శిల్పములలో మన తెలుగువారికి అమరావతి చాలును. ఆ స్తూపపు సున్నపుఱాతిఫలకములలో ఆడువారు గుంపుగా కూర్చుండి వాయించు ఘట్టములున్నవి. అందు విల్లువంటి వీణల ప్రక్కన అడ్డముగా పట్టిన వేణువు కనబడును. నేటికి పదునెనిమిది వందల యేండ్ల క్రిందటి పట్టు, నేటి పట్టువంటిదే. ఇటు కాకతీయసీమలో, రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన పాలంపేట రామప్పగుడిలో వేణుగోపాలుని చిన్నశిల్పము కలదు. దానిని వ్రేలితో తట్టిన స్వరములు పలుకునని అక్కడివారు చూపుదురు. ఱాయి పలికిన వింతకన్న, పిల్లనగ్రోవిని పట్టిన ఆ వ్రేళ్ళ వంపు చెక్కిన శిల్పి నాకు గొప్పవాడుగా కనబడినాడు.

ఆ కాలమునకు చేరువనే దేవగిరి యాదవరాజైన సింఘణుని కొలువున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరము రచించెను. దాని వాద్యాధ్యాయమున వేణువునకు దొరికిన విస్తారము మఱెక్కడను దొరకదు. వెదురుతోనేకాక చండ్రకఱ్ఱతో, దంతముతో, చందనముతో, రక్తచందనముతో, ఇనుముతో, కంచుతో, వెండితో, బంగారుతో వేణువును చేయవచ్చునని అందు చెప్పబడినది. వెండివేణువును జూచి కొయ్యవాద్యమెట్లగునని తర్కించువారికి ఆరువందల యేండ్ల ముందే సమాధానము వ్రాయబడి యున్నదన్నమాట. నోటిరంధ్రమునకును తొలి వ్రేలిరంధ్రమునకును గల యెడమునుబట్టి వేణువులకు పేర్లు పెట్టెను. ఒక యంగుళమైన ఏకవీరము, రెండైన ఉమాపతి, మూడైన త్రిపురుషము, నాలుగైన చతుర్ముఖము, అయిదైన పంచవక్త్రము, ఆఱైన షణ్ముఖము, ఏడైన ముని, ఎనిమిదైన వసువు. ఇట్లు పదునొకండైన రుద్రము, పండ్రెండైన ఆదిత్యము. లెక్క నోటికి రావలయునని దేవతల పేర్లు పెట్టిన నేర్పును బడిపంతులుగా నేను మెచ్చుకొందును. అంగుళము పెరిగినకొలది స్వరము దిగును. నేడు అంగళ్ళలో అయిదు శ్రుతియని, రెండున్నర శ్రుతియని అడిగి కొనుచున్నాము. అడుగుట వేఱైనను కొలత యదియే. మురళిని ఈ గ్రంథకారుడు వంశమునకన్న వేఱు వాద్యముగా చెప్పెను. మనము ఆ రెంటిని ఒక్కటి చేసి చాలకాలమైనది.

ఇంత గౌరవము పొందిన వాద్యమునకు మన గుడిలో స్థానమేమి? ఈ ప్రశ్న నన్ను బహుకాలము బాధించినది. తెలుగునేలపై వేణుగోపాలస్వామి యాలయము లెన్నియో కలవు. క్షేత్రయ్య తన పదములన్నింటిని మువ్వగోపాలునకు ముడిపెట్టినాడు. పోతన దశమస్కంధము చదివి వేణుగానఘట్టమున కన్నులు చెమర్పనివారు అరుదు. కాని ఏ గోపాలుని గుడికైనను వేకువనే పోయి చూడుడు. స్వామిచేతిలో పిల్లనగ్రోవి, వాకిట మ్రోగునది సన్నాయి, డోలు. స్వామి చేతనున్న వాద్యము స్వామిసేవలో లేదు!

కారణము భక్తిలోపము కాదు. ముందు చెప్పిన ఊపిరి సంగతియే. రేకుల బిగువుతో పుట్టిన సన్నాయి ధ్వని వీథి చివరిదాక పోవును. ఉత్సవమును ఊరికి చాటును. వేణువు ఆ పనికి చాలదు. గోలకొండ కోటవాకిట నగారాఖానా కట్టినవారును ఇదే యెఱుగుదురు. నౌబత్తున నగారాతో జతకూడినది షహనాయియేకాని బాఁసురీ కాదు. సన్నాయి మంగళవాద్యమైనది, రాజవాద్యమైనది. వేణువు చిత్రములో నిలిచి, వాడుకలో అడవికి పోయినది. అట్లని సన్నాయి వాయించినవారికి దక్కిన మన్నన యెంత? పెండ్లిలో తాళికట్టువేళ వారి ధ్వని కావలయును. బంతిలో వారి విస్తరి చివర. ప్రకాశము జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానావంటి మహావిద్వాంసుడు శ్రీరంగమున స్థిరపడి, 1999లో కన్నుమూయువఱకు రంగనాథుని సన్నిధిని నాదస్వరముతో కొలిచినాడు. విద్యకు మతము అడ్డురాలేదు. పల్లెలో గంగిరెద్దుతో వచ్చు సన్నాయివానిని మాత్రము మనము అరుగుపై కూర్చుండుమనలేదు.

ఇక నా కథ. చెప్పుటకు సిగ్గగుచున్నది, చెప్పకున్న ఈ ప్రసంగము సగమే యగును.

మేడ్చలునకును శామీరుపేటకును నడుమ ఒక పల్లెబడిలో నేను ఉపాధ్యాయుడనై చేరిన తొలియేండ్లలో, కురుమలయింటి బాలుడొకడు సంచిలో పలకతోపాటు పిల్లనగ్రోవి తెచ్చెడివాడు. నేను విభక్తులు చెప్పుచుండగా వెనుకబల్లనుండి సన్నని కూత వినవచ్చినది. పోయి, ఆ గొట్టమును లాగికొని, బల్లయంచునకు కొట్టి రెండు తునుకలు చేసితిని. ఆనాటి పాఠము నాకు గుర్తున్నది. వేణువు శబ్దము, ఉకారాంతము. బాలుడు ఏడ్వలేదు. తునుకలేరుకొని పోయినాడు, మఱునాడు బడికి రాలేదు.

మూడవనాటి సాయంకాలము అతని తండ్రి చెఱువుకట్టపై నాకెదురుపడెను. కోపముతో రాలేదు. గొంగడి భుజముపై సర్దుకొని, "పోరడు పాఠం ఇనకుంటె కొట్టు పంతులూ, నేనొద్దన్న. పిల్లనగ్రోవేం జేసింది? దాని సప్పుడింటెనే మా గొర్లు మందకొస్తయి" అనెను. ఒక కూత మందను మలుపుటకు, ఒకటి నీటికి దింపుటకు, ఒకటి దొడ్డికి రమ్మనుటకు అని చెప్పెను. ఆ గొట్టమును తానే చేసినాడట. వెదురు తెచ్చి, నీడలో నెలలకొలది ఆరబెట్టి, నూనె రాచి, ఇనుపచువ్వ ఎఱ్ఱగా కాల్చి రంధ్రములు పొడిచినాడట. "గది తయారైతందుకు ఆర్నెల్లు బట్టె" అని మాత్రమనెను. నేను చదివిన ధర్మశాస్త్రములలో ఈ దోషమునకు ప్రాయశ్చిత్తము కనబడలేదు.

వచ్చిన ఆదివారము హైదరాబాదునకు పోయి, అంగడిలో మంచి కచేరివేణువు నొకదానిని కొనితెచ్చి యాతనికిచ్చితిని. ఆతడు దానిని త్రిప్పి త్రిప్పి చూచి, పెదవికానించి రెండుమార్లూది, నవ్వుచు తిరిగి నా చేత పెట్టెను. "మంచిగున్నది పంతులూ, గని ఇది మా గొర్లకు తెల్వది" అనెను.

ఎందుకు తెలియదు? నాడు దానిని పల్లెవాని మొగమాటమనుకొంటిని. పిమ్మట ఆతడు మఱొక గొట్టము చేసికొనినపుడు ప్రక్కన కూర్చుండి చూచితిని. ఆతని రంధ్రములు ఆఱు. బొటనవ్రేలి వెడల్పు కొలతగా, అన్నియు సమానమైన యెడములో పొడుచుచుండెను. కచేరివేణువున రంధ్రముల యెడము స్వరమునుబట్టి మాఱును. లెక్క ప్రకారము సమానమైన యెడముగల రంధ్రములు సరియైన మేళమును పలుకరాదు. ఆతని గొట్టమో, వినసొంపుగా పలుకుచుండెను. వ్రేళ్ళను కనిపెట్టి చూచితిని. ఒకదానిని సగము తెఱచుచుండెను. ఒకదానిని రంధ్రముపై వణకించుచుండెను. ఊపిరిని కొంచెము వంచి స్వరమును పైకిని క్రిందికిని దిద్దుచుండెను. అర్ధముక్తము, కంపితము! ముప్పదవ యధ్యాయములో నేను వ్యాఖ్యానముతోగూడ చదివి, అర్థమైనదనుకొని, విద్యార్థులకు చెప్పిన సంగతిని, అక్షరమెఱుగని యాతని వ్రేలిలో మొదటిసారి కన్నులార చూచితిని.

గ్రంథమును జూచి ఆతడు నేర్వలేదు. ఆతనివంటివారిని జూచియే గ్రంథము పుట్టినదని నేననుకొందును. పండితులలో కొందఱు దీని నొప్పుకొనరు. వారు చెఱువుకట్టకు వచ్చినవారు కారు.

కాపరిచేతినుండి కచేరివేదికకు వేణువు మరల వచ్చుట మనకు చాల చేరువ కాలపు సంగతి. కుంభకోణమున 1872లో పుట్టిన శరభశాస్త్రి పసితనమునుండి అంధుడు. అంతవఱకు పక్కవాద్యమువలె, వేడుకవలె నుండిన వేణువును ఆతడు ఒంటిగా కచేరి నడుపు వాద్యముగా చేసెను. 1904లో, ముప్పదిరెండేండ్లకే పోయెను. ఆతని శిష్యుడు పల్లడం సంజీవరావు ఆ బాణిని అరువదియేండ్లు నిలిపెను. పిదప టి. ఆర్. మహాలింగము, మాలి యని లోకము పిలుచునతడు, 1926లో పుట్టి ఏడేండ్లకే కచేరిచేసి, వేణువును పట్టుపద్ధతినే మార్చెను. గొంతు సాగినట్లు గమకము సాగవలయునని ఆతని పట్టు. ఉత్తరాదిని పన్నాలాల్ ఘోష్ (1911-1960) రెండున్నరయడుగులకు మించిన పొడుగు బాఁసురీని, ఏడవ రంధ్రమును తెచ్చి, గంభీరమైన మంద్రస్వరమును పలికించెను. మన వేణువునకు నోటిరంధ్రముగాక ఎనిమిది రంధ్రములు. రెండు మూసిన షడ్జము. వారి దానికి మూడు మూసిన షడ్జము. తెలుగువారిలో ప్రపంచం సీతారాంవంటి విద్వాంసులు ఈ విద్యలో పేరొందిరి.

తెలుగు శ్రోతకు ఇక్కడొక లాభము కలదు. దక్షిణాది కచేరిలో వేణువు పలుకు కృతులలో పెక్కు త్యాగయ్యగారి తెలుగుకృతులు. వెదురు మాట పలుకలేదు. అయినను పాట తెలిసిన తెలుగువాని చెవిలో ఆ మాట దానంతటది పలుకును. తంజావూరి శ్రోతకు రాగముమాత్రమే వినబడుచోట మనకు రాగమును రాముడును వినబడుదురు.

అదే కాలమున మన పెండ్లివీథిలో వేఱొక మార్పు వచ్చినది. నూరెంబర్గునగరమున డెన్నరు అనువాడు 1700 ప్రాంతమున కల్పించిన క్లారినెట్టు, ఆంగ్లపటాలముల బ్యాండుమేళములతో మన దేశమున కాలుపెట్టెను. సికిందరాబాదు దండు 1806లో ఏర్పడినది. బొల్లారమునుండి మేడ్చలు ఎంతదూరము? బ్యాండుమేళము పల్లెకు వచ్చినది, సన్నాయి వెనుకకు జరిగినది. ఇప్పుడు ఆ బ్యాండునుగూడ మరపెట్టె వెనుకకు నెట్టుచున్నది. క్లారినెట్టును పరదేశిది యని నేను నిందింపను. తంజావూరివారు దానిని పందొమ్మిదవ శతాబ్దమునందే చిన్నమేళమున చేర్చుకొనిరి. కద్రి గోపాలనాథుడు (1949-2019) సాక్సోఫోనుపై త్యాగయ్యను పలికించినాడు. ఊదువాని కొలదియే వాద్యము.

నా విద్యార్థి, ఆ కురుమబాలుడు, వారముదినముల పిమ్మట బడికి వచ్చెను, పదవతరగతి గట్టెక్కెను. నేడు తుర్కపల్లివైపు ఒక మందుల కార్ఖానాలో పనిచేయుచున్నాడు. వారి బీడు ఇండ్లస్థలములైనది, గొఱ్ఱెలు అమ్ముడుపోయినవి. తండ్రి కాలము చేసెను. ఆయన చేసిన కడపటి పిల్లనగ్రోవి ఏమైనదని యడిగితిని. అటకపై నుండియుండునని చెప్పి, వెదకి, దొరకలేదనెను. నేను ఆనాడు ప్రక్కన కూర్చుండి చూచితినేకాని కొలిచి వ్రాసికొనలేదు. శార్ఙ్గదేవుడు వ్రాసియుంచుటచేత ఏడువందలయేండ్ల క్రిందటి వేణువు కొలత నాకు తెలియును. నలువదియేండ్ల క్రిందట నా కన్నులయెదుట పుట్టిన వేణువు కొలత తెలియదు.

అందుచేత పెద్దలకొక మనవి. మీ యూర ఏ కాపరి యింటనైనను, చూరులోనో అటకపైనో, చేతితో పొడిచిన పాత పిల్లనగ్రోవి యున్నయెడల, దానిని అడిగి యొకపూట తెచ్చుకొనుడు. నూనెగుడ్డతో మెల్లగా తుడువుడు; నీట ముంచవలదు, ఎండలో పెట్టవలదు, చీలును. నోటిరంధ్రము నడిమినుండి ఒక్కొక్క వ్రేలిరంధ్రము నడిమికి, తుదకు గొట్టము కొనకు, ఎంత దూరమో మిల్లీమీటర్లలో కొలిచి కాగితముపై వరుసగా వ్రాయుడు. గొట్టము లోవెడల్పు రెండుకొనలను వేఱువేఱుగా వ్రాయుడు. వాయింపగలవారు బ్రతికియున్నచో, వారు ఏ రంధ్రములు మూసి పాట మొదలిడుదురో, ఏ వ్రేలిని సగము తెఱతురో అడుగుడు. మందను మలుపు కూత యేది, నీటికి దింపు కూత యేది అని అడిగి, మనుమలచేతనున్న దూరవాణిలో ఆ ధ్వనిని పట్టించుడు. చేసినవాని పేరు, ఊరు, వెదురు ఎక్కడిదో క్రింద వ్రాయుడు. తరువాత పిల్లనగ్రోవిని వారిది వారికి తిరిగి యిచ్చివేయుడు.